ఫ్రేములోంచి జరిపిన మనిషి

నా వీడియో చూసిన ప్రతివాడూ ముందు అడిగేది ఒకటే, ఏ కెమెరా వాడతావని. ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది, లోలోపల సంతోషంగానూ ఉంటుంది. కూర బాగుందన్నవాడు ఏ గిన్నెలో వండావని అడగడు కదా, మరి నన్నెందుకు అడగాలి? సంతోషం ఎందుకంటే, నా కెమెరా కరీంనగర్‌లో ఒక స్టూడియో అతను వాడి వాడి వదిలించుకున్నది. పట్టుకునేచోట రబ్బరు ఊడిపోతే సైకిల్ ట్యూబు ముక్క కోసి అంటించాను. దానితో తీసిన పెళ్లిని చూసి, హైదరాబాద్ నుంచి మనుషుల్ని పిలిపించారా అని అడుగుతారు.

నా పేరు సదానందం. కొండగట్టు కింద ఆటోలు ఆగేచోట భక్తులకు ఫోటో తీసి, అక్కడికక్కడే ప్రింటు చేతిలో పెట్టే పనితో మొదలుపెట్టాను. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక నా ముందు నిలబడేవాడు లేకుండా పోయాడు. దండాలు పెట్టుకోవడానికి వచ్చినవాళ్లే నన్ను పిలిచి, "అన్నా, మా ఫోన్ల ఒక్కటి గుంజు" అని ఊరికే తీయించుకుని పోయేవాళ్లు. నెల రోజులు అలా గుంజి గుంజి, విసుగొచ్చి పెళ్లి వీడియోల వైపు తిరిగాను.

మా చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లిళ్లు ఎక్కువగా ఇంటి ముందు పందిట్లోనే జరుగుతాయి. ఫంక్షన్ హాలుకు డబ్బు కట్టగలిగినవాళ్లు పెద్ద స్టూడియోలకు పోతారు, మిగిలినవాళ్లు నా దగ్గరికి వస్తారు. వాళ్లకూ సినిమాలాగే కావాలి. అందుకు నా దగ్గర కొన్ని కిటుకులు ఉన్నాయి. తెల్ల థర్మాకోల్ షీటు ఒకటి ఉంటే ఎండను పట్టి పెళ్లికూతురి మొహం మీదికి తిప్పవచ్చు. ఆ షీటు పట్టుకునేది మా ఆవిడ కోమల. పందిట్లో మంచులాంటి పొగ కావాలంటే నిప్పుల మీద సాంబ్రాణి వేస్తాను, పూజ అనుకుని ఎవరూ ఏమీ అనరు. కెమెరా మెత్తగా కదలాలంటే కూరగాయల తోపుడుబండి మీద బొంత పరిచి కూర్చుంటాను. మైకులు కొనలేదు. కోమల పాత ఫోన్‌ని రికార్డింగులో పెట్టి పొద్దున్నే పందిరి గుంజకు కట్టేస్తాను. అది సాయంత్రం దాకా అక్కడ జరిగే మాటలన్నీ పట్టుకుంటుంది. అందులో మంత్రాలూ, డప్పులూ మాత్రం తీసుకుని మిగతాదంతా పాటలతో కప్పేస్తాను.

వీటన్నింటికన్నా పెద్ద కిటుకుకు ఖర్చే లేదు. ఫ్రేమును ఖాళీ చేయడం. నీళ్ల డ్రమ్ము, ప్లాస్టిక్ బకెట్, వేలాడే కరెంటు తీగ, గోడ మీద ఎవరో నాయకుడి పోస్టరు, వీటిని జరిపేస్తే రేకుల ఇల్లు కూడా అందంగా కనబడుతుంది. డబ్బున్నవాడు ఫ్రేములోకి తెచ్చి పెడతాడు, లేనివాడు ఫ్రేములోంచి తీసేస్తాడు అని నేను పదిమందికి చెప్పాను. గొప్పగా, కాలు మీద కాలేసుకుని చెప్పాను. ఆ తీసేయడంలో ఒక తల్లిని కూడా తీసేశాను. సిగ్గుతో చెబుతున్నాను. ఇంతకాలం ఎవరికీ చెప్పుకోలేక, ఇప్పుడిలా రాస్తున్నాను.

ఆమె పేరు దేవవ్వ. మా ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. బీడీలు చుడుతుంది. ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటే, మనిషి మనతో మాట్లాడుతున్నా వేళ్లు వాటి పాటికి అవి తునికాకు చుట్టేస్తుంటాయి. ఆమె భర్త పక్షవాతంతో రెండేళ్లు మంచంలో ఉండి చనిపోయాడు. కొడుకు అరుణ్ సౌదీ వెళ్లి ఆరేళ్లు. తండ్రి పోయినప్పుడు రాలేకపోయాడు. చెల్లెలు నవీన పెళ్లికీ రాలేకపోయాడు. కంపెనీవాళ్లు అతని అకామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే కాగితం, మళ్లీ చేయించలేదు. అది లేకుండా కదిలితే పట్టుకుంటారు. అందుకని సైటుకూ రూముకూ మధ్య తిరుగుతూ ఉన్నాడు.

దేవవ్వది తక్కువ మాట. రోడ్డు మీద బండి హారన్ కొట్టకముందే పక్కకు జరిగే మనుషులు కొందరుంటారు, ఆమె ఆ రకం. రేషన్ దుకాణం దగ్గర తన వంతు వచ్చాక కూడా వెనకవాళ్ల వైపు చూసి, నీకు తొందరుంటే నువ్వు తీసుకో అంటుందట. కొడుకుతో వీడియోలో మాట్లాడటం నవీన ఎంత నేర్పినా ఆమెకు రాలేదు. ఫోన్ తీసుకోగానే చెవికి ఆనించుకుంటుంది. అవతల అరుణ్‌కు కనిపించేది తల్లి చెవి, చెవి వెనక నెరిసిన జుట్టు. "ఆరేండ్ల నుంచి మా అవ్వ చెవే చూస్తున్న అన్నా" అని అతను నాతో నవ్వుతూ అన్నాడు.

పెళ్లికి పది రోజుల ముందు అరుణే నాకు ఫోన్ చేశాడు. "సదానందమన్నా, ఖర్చు ఎక్కువ పెట్టలేను గని, సినిమా లెక్క తియ్యాలె. గీడ రూముల ఎనిమిది మందిమి ఉంటం. శుక్కురారం నాడు టీవీకి పెట్టుకొని అందరం చూస్తం. మా ఇల్లు జర మంచిగ కనవడాలె" అన్నాడు. నీకెందుకు ఫికర్, నేను చూసుకుంటా అన్నాను. మా అవ్వను తియ్యి అని అతను చెప్పలేదు. చెల్లి పెళ్లి వీడియోలో తల్లి ఉండాలని ఎవరైనా విడిగా చెబుతారా?

పెళ్లిరోజు పొద్దున్నే పోయి ఇల్లంతా సర్దించాను. డ్రమ్ము వెనక్కి, చీపురు లోపలికి, పాత మంచం పక్కింట్లోకి. తండ్రి లేడు కాబట్టి ఆయన తమ్ముడు చిన్నబాపు, చిన్నమ్మ పీటల మీద కూర్చుని కాళ్లు కడిగారు. మా దగ్గర భర్త పోయిన ఆడమనిషి శుభకార్యంలో ముందుకు రాదు. తన బిడ్డ పెళ్లయినా సరే, వెనక ఎక్కడో నిలబడి చూస్తుంది. నాకది తెలుసు. అలాంటప్పుడు కెమెరా పట్టుకున్నవాడే ఆమె దగ్గరికి పోవాలి. అది కూడా తెలుసు.

దేవవ్వ కొత్త చీరే కట్టుకుంది, కానీ దాని మీద పాత తువ్వాల చుట్టుకుని వంటవాళ్ల దగ్గర పని చేస్తోంది. చీర అంచు తడిసిపోయింది. మొదటిసారి నీళ్ల చెంబుతో వచ్చింది. నేను సాంబ్రాణి పొగలో నవీన మొహం పట్టుకుంటున్నాను. ఆ పొగ మధ్యలోంచి తడి తువ్వాల ఒకటి నడిచి వచ్చింది. "అవ్వా, జర పక్కకు" అన్నాను. జరిగింది. రెండోసారి చిన్నమ్మ మరిచిపోయిన పసుపు పళ్లెం తెచ్చింది. అప్పుడూ జరిపాను. తర్వాత పుస్తె కట్టే వేళకు వచ్చింది. ఈసారి చేతిలో ఏమీ లేదు. చూడటానికే వచ్చింది. నేను మళ్లీ అదే మాట అన్నాను.

అప్పుడు కోమల షీటు పట్టుకునే నా చెవి దగ్గర అంది. "ఆమె పిల్ల తల్లి. ఆమెను గూడ ఒక్కటన్న తియ్యి."

"తీస్తగని, నువ్వు షీటు సక్కగ పట్టు. నీడ పడుతుంది" అని కసిరాను. తర్వాత తీద్దామనే అనుకున్నాను. మంచి వెలుతురులో, ఆ తువ్వాల తీయించి, కూర్చోబెట్టి తీద్దామని. పెళ్లిపనిలో ఆ తర్వాత అనేది రాదు.

సాయంత్రం ఐదింటికి అప్పగింతలు. నాకు దేవుడిచ్చిన వేళ. ఎండ పసుపురంగుకు తిరిగింది, పందిరి ఆకుల సందుల్లోంచి నవీన వెనక పడుతోంది. పాలల్లో ముంచిన చేయిని అత్తగారి చేతిలో పెట్టారు. నేను తోపుడుబండి మీద వంగి ఉన్నాను. సరిగ్గా అప్పుడే ఫ్రేము కుడివైపు నుంచి దేవవ్వ వచ్చి నిలబడింది. నా ప్రాణం పోయినట్టయింది, అంత మంచి షాటు చెడిపోతోందని. గట్టిగానే అన్నాను. ఆమె వెనక్కి పోయింది. నవీన తలతిప్పి, ఫ్రేము బయటికి ఎక్కడికో చూస్తూ భోరున ఏడ్చింది. ఆ చూపు, ఆ కన్నీళ్లు, వెనక ఆ వెలుతురు. తీస్తూ తీస్తూనే, బతుకులో ఇలాంటిది ఒక్కటి దొరికితే చాలు అనుకున్నాను.

ఆ షాటునే నెమ్మది చేసి, కింద పాట పెట్టి, రెండు నిమిషాల ప్రోమో వదిలాను. ఊరూరా ఫోన్లలో తిరిగింది. జగిత్యాల నుంచి ఒకతను ఫోన్ చేసి, మా పిల్లను కూడా గట్లనే ఏడిపిస్తవా అన్నాడు. నేను నవ్వి, ఏడిపిస్తానన్నాను. ఈ ముక్క రాయడానికి నాకు చేయి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

మూడు గంటల పూర్తి వీడియో అరుణ్‌కు పంపాను. శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. వెనక రూములోవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి.

"మస్తు తీసినవన్నా. మా రూమోళ్లు నిజంగ మీ ఇల్లేనా అని అడుగుతున్నరు" అన్నాడు.

"నీకు నచ్చితే సాలు తమ్మీ."

"అన్నా, మా అవ్వ ఏది?"

నేను ఏదో అనబోయాను. అతనే మళ్లీ అన్నాడు. "మొత్తం చూసినం. మీ అమ్మ ఎవలు, చూపియ్యి చూపియ్యి అని మావోళ్లు ఒకటే అడుగుడు. ఇప్పుడు వస్తది, ఇప్పుడు వస్తది అనుకుంట కూసున్న. అయిపోయింది. రాలే."

ఆ క్షణంలో నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇంత దాకా వచ్చేది కాదు. నేను చెప్పింది ఇది. "మీ అవ్వనే ముంగటికి రాలే తమ్మీ. ఎంత పిలిచినా రాలే. ఆచారం గదా, ఏమన్న అనుకుంటరని భయపడ్డది." ఎంత పిలిచినా అన్న మాట నా నోట్లో ఎక్కడి నుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. అరుణ్, "ఆమె ఎప్పుడు గంతే" అని ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు పొద్దున దుకాణంలో కూర్చుని పెళ్లిరోజు తీసిన ముక్కలన్నీ మళ్లీ ముందేసుకున్నాను. ఎక్కడో ఒకచోట ఆమె ఉండకపోదు, అతికించి పంపుదామని. కోమల పక్కన కూర్చుంది. వెతికి వెతికి దొరికినవి: చెంబు పట్టుకున్న ఒక మోచేయి, తువ్వాల కొస, వంటల పొగలో వెనక్కి తిరిగి ఉన్న ఒక వీపు. అది కూడా ఆమెదే అని గట్టిగా చెప్పలేం. మొహం ఎక్కడా లేదు. ఇంత పట్టుదలగా ఒక మనిషిని తప్పించడం కావాలని చేయమన్నా నాతో అయ్యేది కాదు.

బొమ్మలో లేకపోతే గొంతైనా ఉంటుందేమో అని, గుంజకు కట్టిన ఫోన్ రికార్డింగు పెట్టాను. డప్పులు, మంత్రాలు, పిల్లల కేకలు. వాటి మధ్యలో నా గొంతు. "అవ్వా, జర పక్కకు." వెంటనే ఆమె గొంతు. "ఆ బిడ్డా." ఇంకో పావుగంటకు మళ్లీ నేను. "అవ్వా, అడ్డమొస్తున్నవ్." "అట్లనే బిడ్డా." పోను పోను నా గొంతు గట్టిపడింది. "ఓ అవ్వా, ఎన్నిపాలి చెప్పాలె నీకు?" "జరుగుతున్న బిడ్డా, జరుగుతున్న." చివరికి అప్పగింతల దగ్గర ఆమె అడిగింది. "గీడ నిలుసుంటే కనవడతనా?" నేనన్నాను. "కనవడతవ్. గోడెనుకకు పో." "పోతున్న బిడ్డా."

మొత్తం పదకొండు సార్లు. పదకొండు సార్లు నేను అడ్డం తొలగమన్నాను, పదకొండు సార్లూ ఆమె బిడ్డా అంది. నవీన తల తిప్పి చూసింది ఆ గోడవైపే. నేను నెమ్మది చేసి, పాట పెట్టి ఊరంతా తిప్పింది ఒక ఆడపిల్ల తన తల్లి కోసం వెతుక్కున్న చూపును.

కోమల ఏమన్నా అంటుందేమో అని చూశాను. తిడితే బాగుండేది. లేచి పోయి టీ పెట్టుకొచ్చింది. ఒక్క గ్లాసే తెచ్చుకుంది.

ఇంత విన్నాక మనిషన్నవాడు ఏం చేయాలి? నేను కెమెరా బ్యాగు భుజాన వేసుకుని దేవవ్వ ఇంటికి బయలుదేరాను, తప్పు ఒప్పుకోవడానికి కాదు. నా బుర్రలో ఇంకో కిటుకు తట్టింది. పెళ్లి పందిరి ఇంకా తీయలేదు. అదే చీర కట్టించి, సాయంత్రం ఐదింటికి అదే ఎండలో గుంజ పక్కన నిలబెట్టి, దగ్గరగా మొహం మాత్రం తీస్తే, ఆకులు ఎండిపోయిన సంగతి ఎవరికీ తెలియదు. నవీన చూసిన షాటు తర్వాత దాన్ని అతికిస్తే, బిడ్డ తల్లిని చూస్తున్నట్టు, తల్లి బిడ్డను చూస్తున్నట్టు సరిగ్గా కూర్చుంటుంది. అరుణ్‌కు, వెతికితే దొరికిందని చెప్పవచ్చు. నేనాడిన అబద్ధం కూడా దాని కింద మరుగున పడిపోతుంది. దారి పొడుగునా ఆ షాటునే లెక్కలు వేసుకుంటూ పోయాను.

దేవవ్వ చాట పక్కన పెట్టి లేచింది. అరుణ్ కోసం ఒక్క చిన్న ముక్క తీయాలి, పెళ్లి చీర కట్టుకో అవ్వా అంటే, ఎందుకని అడగకుండా లోపలికి పోయి కట్టుకొచ్చింది. గుంజ పక్కన నిలబెట్టాను. ఎండ మొహం మీద పడుతోంది. అంత దగ్గరగా ఆమె మొహాన్ని నేను చూడటం అదే మొదలు. నవీన పోలికే.

"గటు చూడవ్వా. నవీన కారెక్కుతుంది అనుకో" అన్నాను.

ఆమె అటు చూసింది. ఖాళీ రోడ్డు. కాసేపు చూసి నావైపు తిరిగి, వంట ఎంతమందికి అని అడిగినంత మామూలుగా అడిగింది. "ఏడువాల్నా బిడ్డా?"

"నీ ఇష్టం అవ్వా" అన్నాను. నా గొంతు నాకే బాగనిపించలేదు.

ఆమె మళ్లీ రోడ్డు వైపు చూసింది. పెదాలు బిగబట్టింది. కళ్లు రెండు మూడు సార్లు ఆర్పింది. నా పని చెడిపోతుందేమో అని కంగారుపడుతోందని కెమెరాలో స్పష్టంగా కనిపిస్తోంది. చివరికి చెంగుతో మొహం తుడుచుకుని, "వస్తలేదు బిడ్డా" అంది. "ఆ దినం మస్తు ఏడుస్తి, గోడెనుక. గప్పుడు తీస్తే అయిపోతుండె."

అందులో నిష్ఠూరం లేదు. ఇప్పుడు కుదరడం లేదు, అప్పుడైతే సులువుగా అయ్యేది అని నాకు పనిలో సలహా చెబుతోంది, అంతే. నేను కెమెరా దించేశాను. అరుగు మీద కూర్చున్నాను. ఆమె కూడా కొంచెం దూరంలో కూర్చుంది.

"అరుణ్ ఫోన్ చేసిండా అవ్వా?" అని అడిగాను.

"చేసిండు. తిట్టిండు." చాట ఒళ్లోకి లాక్కుంది. "ఫోటోయన ఎంత పిలిచినా పోలేదట గదా, నీకేం రోగం అన్నడు. గంతమంది ముంగట నా ఇజ్జత్ పోయింది అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"నాకే సిగ్గనిపిచ్చింది కొడుకా, నేనే రాలే అన్న."

నేను ఆమెను ఒక్కసారి కూడా పిలవలేదని ఆమెకు తెలుసు, నాకు తెలుసు. నేను అబద్ధం ఆడితే ఆమె దాన్ని తన మీద వేసుకుని నిజం చేసింది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేలచూపులు చూస్తూనే, "నిజం నేనే చెప్తనవ్వా వానికి. నేనే నిన్ను పక్కకు జరిపిన అని చెప్త" అన్నాను.

ఆమె కంగారుగా తల అడ్డంగా ఊపింది. "వద్దు బిడ్డా. వాడు దూరం దేశంల ఒక్కడున్నడు. నీ మీద కోపం పెట్టుకుంటే గది వాని కడుపులనే ఉంటది. నా మీదైతే రెండు దినాలకు పోతది." వేళ్లు మళ్లీ బీడీలు చుట్టడం మొదలుపెట్టాయి. "నువ్వు గూడ పని చేసుకుంటుంటివి గదా. నేనే ఊకె అడ్డమొస్తి."

ఇంటికి వచ్చాను. ఆ రికార్డింగులోంచి పదకొండు ముక్కలూ కత్తిరించాను. చివరి రెండు, నేను కసురుకున్నవి, వదిలేసి పంపుదామా అని చాలాసేపు చూశాను. ఇంకా ఆ బుద్ధి పోలేదన్నమాట. పక్కన కూర్చుని చూస్తున్న కోమల, "అన్ని పంపు" అంది. అన్నీ పంపాను. కింద నా గొంతుతోనే చెప్పాను: నేను పిలిచానన్నది అబద్ధం తమ్మీ, మీ అవ్వ వచ్చింది, వచ్చిన ప్రతిసారీ నేనే పంపించేశాను, ఇక నీ ఇష్టం.

అతను విన్నట్టు తెలిసింది. జవాబు రాలేదు. రెండు రోజులు నేను ఫోన్ పక్కన పెట్టుకుని ఏ పనీ చేయలేదు. తిట్టు ఎప్పుడు వస్తుందో తెలియకుండా ఎదురుచూడటం కన్నా తిట్టు తినడం సుఖం. మూడోరోజు పనికి పోయేముందు చేశాడు.

"నిన్న మొన్న చేస్తే నిన్ను బండబూతులు తిట్టేటోన్ని. అందుకే చెయ్యలే" అన్నాడు. "నీ మాట ఇని మా అవ్వను తిట్టిన అన్నా. ఆమెను జన్మల తిట్టలే నేను."

"తప్పయింది తమ్మీ" అన్నాను. ఇంకేం అంటాను? అవ్వ గోడ వెనక ఏడ్చిన సంగతీ చెప్పాను, నేను కెమెరా పట్టుకుని మళ్లీ పోయిన సంగతీ చెప్పాను. అతను అంతా విన్నాడు.

"కొత్తగ ఏం తియ్యకు" అన్నాడు. "గా ముక్కలు మల్ల మల్ల ఇంటున్న" అన్నాడు. "మా అవ్వ ఫోన్ల మాట్లాడితే ఒర్లుతది. సౌదీ దూరం గదా, గట్టిగ మాట్లాడకుంటే ఇనవడదు అనుకుంటది. ఇంట్ల ఎట్ల మాట్లాడుతదో నాకు మర్సిపోయింది. గా ఫోన్ల ఇంట్ల మాట్లాడినట్టే ఉన్నది. ఆ బిడ్డా, అట్లనే బిడ్డా అని. నన్ను గూడ గట్లనే అంటుండె."

నేను ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"నవీన ఏడ్చే కాడ పాట తీసెయ్యన్నా. మా అవ్వ మాటలు పెట్టు."

"పెడత తమ్మీ. నా గొంతు మొత్తం తీసేస్త. అవ్వదొక్కటే ఉంచుత."

"వద్దు" అన్నాడు. "నువ్వు అంటేనే గదా ఆమె మాట్లాడింది. నీది గూడ ఉండనియ్యి. మా రూమోళ్లు ఇంటరు. ఇననియ్యి."

అది శిక్షో, లేక తల్లి మాటల్లో ఒక్క అక్షరం కూడా తెగకూడదన్న ఆశో నాకు అర్థం కాలేదు. రెండూ అయి ఉంటుంది. నేను చేసిన వీడియోల్లో నా గొంతు ఉన్నది అదొక్కటే. నవీన వెనక పసుపు ఎండ, ఆమె తలతిప్పి చూసిన చూపు, పాట లేదు. జర పక్కకు, అడ్డమొస్తున్నవ్, ఎన్నిపాలి చెప్పాలె, గోడెనుకకు పో. ప్రతిదాని వెనక ఒక బిడ్డా. చివర్లో సదానందం వీడియోస్ అని నా పేరు పడుతుంది. ఆ పేరు తీసేద్దామనుకున్నాను. ఆ గొంతు ఎవరిదో తెలియాలి కదా అని ఉంచాను.

సౌదీలో వాళ్లు చూశాక, ఆ ముక్కను దేవవ్వకు కూడా చూపించాలని ల్యాప్‌టాప్ పట్టుకుని పోయాను. ఆమె చెవి తెర దగ్గరికి పెట్టి వింది. తన గొంతు వినగానే నోటికి చెంగు అడ్డం పెట్టుకుని సిగ్గుపడింది. నా గొంతు గట్టిపడినచోట నేను తల దించుకున్నాను, ఆమె మాత్రం వింటూనే ఉంది. అయిపోయాక అడిగింది.

"అరుణ్ ఇన్నడా?"

"ఇన్నడవ్వా. మల్ల మల్ల ఇంటున్నడట."

"ఎన్ని పాలి మాట్లాడిన నేను?"

"పదకొండు పాలి."

ఆమె వేళ్లు ఆగిపోయాయి. చుడుతున్న బీడీ అలాగే పట్టుకుని రోడ్డు వైపు చూసింది. "గిట్లని ఎరుకైతే ఇంకోపాలి జరుగుమనకపోతివా బిడ్డా" అంది. "ఇంకో మాట మాట్లాడుతుంటి."

ఎత్తిపొడుపు అనుకుని ఆమె మొహంలోకి చూశాను. కాదు. నిజంగానే అడిగింది.